రెండో ఆదివారం పాఠం, పెద్ద ఓదేలు రికార్డు

డేటాబేస్ పని నేర్చుకోవాలంటే ఏ కోర్సు చేయాలి సార్ అని నెలకు నలుగురైనా నాకు ఫోన్ చేస్తారు. కోర్సు సంగతి తర్వాత, నెలలో రెండో ఆదివారం గోదావరిఖని రండి, మా యూజర్ గ్రూపు మీటింగులో కూర్చోండి అంటాను. "ఆన్‌లైన్ లింకు పంపుతరా సార్?" అంటారు. లింకు లేదు, మనిషే రావాలి అనగానే ఫోన్ పెట్టేస్తారు. ఈ మాటే చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. చదివే ఓపికన్నా ఉంటుందేమో చూద్దాం.

నేను మంథని వాణ్ణి. మా ఇంట్లో తాతది గుడి, నాన్నది బడి. నాకు రెండూ అబ్బలేదు. బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆ గదిలోకి పోవడానికి ఎవరూ ఒప్పుకోకపోతే నన్ను తోశారు. అక్కడే డేటాబేస్ నేర్చుకున్నాను, అక్కడే రిటైరయ్యాను. మధ్యలో వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను, వాటితో మీకు పని లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల ఒక పిల్లవాడికి రావాల్సిన ఉద్యోగం పోయింది.

ఏసీ ఎవరికి

మా గదికి ఒక ఏసీ ఇచ్చారు. రామగుండం ఎండ తెలిసినవాళ్లకు దాని విలువ చెప్పక్కర్లేదు. మా పై అధికారికి కూడా ఆ విలువ తెలుసు. ఏప్రిల్ రాగానే ఏసీని విప్పించి తన గదిలో పెట్టించుకున్నాడు. సర్వర్ వేడెక్కి ఆగిపోతుంది సార్ అని పోయి మొత్తుకున్నాను.

"మిషనుకు చెమట వడ్తదా పంతులూ? టేబుల్ ఫ్యాన్ పెట్టుకో," అన్నాడు.

మూడో రోజు సర్వర్ ఆగింది. ఏరియా అంతటి హాజరు పట్టీలు ఆగాయి. అప్పుడు ఆయన చల్లటి గదిలో కూర్చుని, నువ్వేం చేస్తున్నవ్ అని నన్నే అడిగాడు.

రోజూ డేటాకు నకలు తీసి దాచే బ్యాకప్ టేపులు కూడా ఆయనే కొననివ్వలేదు. మూడు ఇచ్చి, వాటినే తిప్పి తిప్పి వాడుకోమన్నాడు. అంటే నాలుగో రోజు తీసిన బ్యాకప్ మొదటి రోజుదాన్ని చెరిపేస్తుంది. ఈ మూడు టేపుల సంగతి గుర్తుంచుకోండి.

అధికారిని తిట్టడం సులువు. కానీ మూడు టేపులు చాలవని నేను ఒక్క కాగితం కూడా పెట్టలేదు. నోటితో చెప్పి, చెప్పాను కదా అని ఊరుకున్నాను. ఆఫీసులో నోటిమాట నీటి మీద రాత అని తెలిసీ ఊరుకున్నాను.

జిరాక్స్ షాపు మీది గది

పుస్తకాలు లేవా అంటారు. ఉన్నాయి. ఇటుకల్లాంటివి ఆరు వచ్చాయి. వచ్చిన రోజే అధికారి బీరువాలోకి పోయాయి, తాళం పడింది. ఖరీదైన వస్తువులు గుమాస్తాల చేతికి ఇస్తే నలిగిపోతాయట.

హైదరాబాదులో డేటాబేస్ పని చేసేవాళ్లు నెలకోసారి కలుస్తారని, ఒకరు మాట్లాడితే మిగతావాళ్లు వింటారని ఎవరో చెప్పారు. పొద్దున్నే రామగుండంలో రైలెక్కి పోయేవాణ్ణి. చెప్పినదాంట్లో పావు వంతు అర్థమయ్యేది. ఆ పావు వంతే నెలంతా నాకు అన్నం పెట్టేది. తర్వాత మా దగ్గరే ఒక గ్రూపు పెడితే ఏమని, గోదావరిఖనిలో ఒక జిరాక్స్ షాపు మీది గది అడిగి తీసుకున్నాం. జైపూర్ పవర్ ప్లాంటు నుంచి ఇద్దరు, మంచిర్యాల నుంచి కొందరు, ప్రైవేటు దవాఖానలో డేటాబేస్ చూసే రజిత అనే అమ్మాయి, నేను. మొత్తం పదిమందికి మించేవాళ్లం కాదు.

ఆ మీటింగుల్లో నాకు వచ్చినంత కోపం ఆఫీసులో కూడా రాలేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి స్పీకరూ పావుగంట తన గురించే చెప్పుకునేవాడు. మధ్యాహ్నం ఊరి పక్క ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మందు పెట్టి బ్లాస్టింగ్ చేసేవాళ్లు, దానికి ఆదివారమని లేదు. ప్రొజెక్టర్ ఊగి బొమ్మ గోడ మీంచి తలుపు మీదికి జరిగేది. మేం తలలు తలుపు వైపు తిప్పి చూస్తూ ఉండేవాళ్లం, స్పీకర్ మాత్రం భూకంపమనుకుని మాట ఆపేసేవాడు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నేను ఓర్చుకోలేనిది ఒకటే. ఒక్కడూ తన తప్పు చెప్పడు. అందరి సర్వర్లూ బంగారం, అందరి బ్యాకప్‌లూ భద్రం. పాయసం గిన్నె పట్టుకొచ్చి చూపిస్తారు గానీ మాడిన గిన్నె ఎవరూ తేరు. నేర్చుకోవాల్సింది మాడిన గిన్నె దగ్గరే కదా. నేను ప్రతి నెలా లేచి ఇదే గొడవ పెట్టుకునేవాణ్ణి. మీ తప్పు చెప్పండి, లేకపోతే మైకు ఇచ్చేయండి అనేవాణ్ణి. నాకు చాదస్తం అని పేరు పడింది.

సమోసాలు వచ్చాయి

ఒక రెండో ఆదివారం హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు వచ్చి డూప్లికేట్ల గురించి మాట్లాడాడు. చక్కగా చెప్పాడు. ఒకే మనిషి రెండుసార్లు ఎక్కితే డేటాబేస్ పాడవుతుంది, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు, ఈ నాలుగూ కలిస్తే అది ఒకే మనిషి, కొత్త రికార్డు ఉంచి పాతది తీసేయండి అన్నాడు. అట్లాంటి జతలను వెతికే క్వెరీ, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశం, రాసి చూపించాడు. నేను నోటుబుక్కులో పొల్లుపోకుండా ఎక్కించుకున్నాను.

ఆయన చివరి స్లైడు పెట్టేసరికి సమోసాలు వచ్చాయి. నేను లేచాను. ఆ చివరి స్లైడులో ఏముందో చాలా రోజుల తర్వాత రజిత నోటుబుక్కులో చూశాను. "తీసేసే ముందు, ఆ ఇద్దరూ ఒకరేనా అని ఆ మనుషులు తెలిసినవాళ్లను అడగండి," అని ఉంది. ఆయన చెప్పనే చెప్పాడు. నేనే సమోసా దగ్గర ఉన్నాను.

సోమవారం పొద్దున్నే కార్మికుల కుటుంబ వివరాల ఫైలు మీద ఆ క్వెరీ నడిపాను. ఏ కార్మికునికి భార్య ఎవరు, పిల్లలు ఎవరు అనేది అందులో ఉంటుంది. జీతాలు, హాజరు వేరే ఫైళ్లలో ఉంటాయి. నలభై చిల్లర జతలు దొరికాయి. పాత నంబర్లు తీసేసి, వాటి కింద ఉన్న భార్యాపిల్లలను కొత్త నంబర్ల కిందికి మార్చాను. ఏవి తీశానో జాబితా దాచుకోలేదు. నాలుగో రోజుకు మూడు టేపులూ తిరిగిపోయాయి. పాత ఫైలు ఇక ఎక్కడా లేదు. అధికారి నా భుజం తట్టాడు, నేను పొంగిపోయాను.

ఇద్దరు ఓదేలులు

మా గనుల్లో ఒక పాత సంగతి ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఒకప్పుడు ఊళ్లో ఒకరి పేరున గనికి పిలుపు కాగితం వచ్చేది. ఆ మనిషికి భూమిలోకి దిగడం భయం, లేదా వాళ్లమ్మ పోనివ్వదు. ఆ కాగితం పట్టుకుని ఇంకొకరు పోయేవాళ్లు. అన్న పేరున తమ్ముడు, బామ్మర్ది పేరున బావ. ఇక బతుకంతా గనిలో ఆ పేరే.

ఓదేలు అనే మనిషికి కాగితం వచ్చింది. ఓదేలు పోనన్నాడు. ఆ కాగితం పట్టుకుని ఆయన అక్క మొగుడు గనికి పోయాడు. మామ పేరును తండ్రి పేరుగా రాయించుకుని, బామ్మర్ది పేరుతో గనిలో చేరాడు. కొన్నేళ్లకు వానల్లేక ఓదేలు కూడా వచ్చి తన సొంత పేరుతోనే అదే గనిలో చేరాడు. అట్లా ఒకే పేరు, ఒకే తండ్రి, ఒకే పుట్టిన తేదీ, ఒకే ఊరు, ఇద్దరు మనుషులు. ముందు చేరిన బావను పెద్ద ఓదేలు అని, తర్వాత వచ్చిన అసలు ఓదేలును చిన్న ఓదేలు అని గనిలో అందరూ పిలిచేవాళ్లు. గనిలో ఎవరికీ ఏనాడూ గందరగోళం లేదు. నా క్వెరీకే వాళ్లిద్దరూ ఒక్కరయ్యారు.

పేర్లు నేను మార్చాను. అంటే పెద్ద ఓదేలుకు ఇప్పుడు నేను పెట్టింది మూడో పేరు. పాపం, ఆయనకు పేరు విషయంలో ఎవరూ న్యాయం చేయలేదు.

ఏడాదిన్నర గడిచాక పెద్ద ఓదేలు మా గదికి వచ్చాడు. గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఊపిరితిత్తులు చెడి, ఇక పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. అట్లా రాస్తే కొడుక్కి ఉద్యోగం వస్తుంది. కొడుక్కి వయసు పరిమితి దాటడానికి ఇంకా రెండేళ్లు ఉంది. కౌంటర్ దగ్గర కాగితాలు ఇస్తే గుమాస్తా స్క్రీను చూసి నలుగురిలో చదివి వినిపించాడట.

"నా పేరు మీద భార్య లేదు, పిలగాడు లేడంటున్నరు పంతులూ," అన్నాడు పెద్ద ఓదేలు. మాట మాటకూ దగ్గు. "నా ఇంటామె చిన్న ఓదేలు భార్యనట. అక్కను తీస్కపోయి తమ్మునికి పెండ్లాం జేసిన్రు. గదేం రాత? ఆమె రెండు దినాల సంది అన్నం తింటలేదు."

నేను స్క్రీను తెరిచి చూశాను. చిన్న ఓదేలు పేరు కింద ఇద్దరు భార్యలు, నలుగురు పిల్లలు. చూడగానే నాకు అర్థమైంది. అది నా క్వెరీ చేసిన పని.

"కూర్చో ఓదేలన్నా," అన్నాను. "ఏదో పొరపాటు పడ్డది. నేను సరి చేయిస్త, ఫికర్ చెయ్యకు."

ఏదో పొరపాటు అన్నాను. నా పొరపాటు అనలేదు.

సిస్టమ్ ఎర్రర్

అధికారి దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తలుపు వేసి రమ్మన్నాడు.

"నువ్వు తీసేసినవని రాస్తవా? ఎవరి హుకుంతోటి తీసినవ్ అంటరు. నీకూ కష్టమే, నాకూ కష్టమే. సిస్టమ్ ఎర్రర్ అని రాసి పంపు."

రాసి పంపాను. నా చేత్తోనే రాశాను.

కొత్తగా చేరేవాళ్లు ఇది గోడ మీద రాసుకోండి. సిస్టమ్ ఎర్రర్ అనేది లేదు. ఎవడో ఒకడు ఏదో ఒకటి చేస్తాడు, లేదా చేయాల్సింది చేయడు. ఆ మాట వాడామంటే ఒక మనిషిని దాచామని అర్థం. దాచిన బరువు పోయి ఇంకో మనిషి నెత్తిన పడుతుంది.

ఇక్కడ పడింది పెద్ద ఓదేలు నెత్తిన. ఆఫీసులో ఎవరి తప్పూ లేదంటే మరి ఆ మనిషెవరో తేల్చాలి కదా. విచారణ వేశారు. ఊరికి పోయి అడుగుతాం, బడి సర్టిఫికెట్ తెమ్మంటాం అన్నారు. తెస్తే ఏముంది? బామ్మర్ది పేరున చేసిన ముప్పై ఏళ్ల నౌకరీ బయటపడుతుంది, ఇద్దరి కొంపా మునుగుతుంది. చిన్న ఓదేలు భయపడి బావతో మాట్లాడడం మానేశాడు. పెద్ద ఓదేలు ఫైలు వెంట తిరగడం మానేశాడు. తనకు జరిగిన అన్యాయం గురించి నోరు తెరిచి అడగలేని పరిస్థితి ఆయనది. అడిగితే ఉన్నది కూడా పోతుంది. అసలు తప్పు ఎవరిదో తెలిసినవాళ్లం ఆఫీసు మొత్తంలో ఇద్దరమే, అధికారీ నేనూ. నేను ఆఫీసుకు పోయి వస్తూనే ఉన్నాను, రెండో ఆదివారాల్లో లేచి తప్పులు చెప్పండి అని ఉపన్యాసాలు ఇస్తూనే ఉన్నాను. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దు ఉంటుంది, నేను అదీ దాటాను.

రజిత అడిగిన మాట

రెండేళ్లు పైనే గడిచాయి. ఒక మీటింగులో నేను అలవాటుగా ఎవరి మీదో విరుచుకుపడుతుంటే రజిత లేచింది.

"సార్, గిన్ని దినాల సంది అందరిని అడుగుతున్నరు. మరి మీ తప్పేంది? ఒక్కసారన్న చెప్పిన్రా?"

నేను ఏసీ కథ చెప్పాను. అందరూ నవ్వారు. రజిత నవ్వలేదు.

"అది మీ సార్ తప్పు. మీది అడుగుతున్న," అంది. నేను నీళ్ల గ్లాసు అందుకున్నాను. ఆమె ముందుకు వచ్చి మైకు తీసుకుంది. తన దవాఖానలో తానే ఒక కాలమ్ తప్పుగా మార్చి పదకొండుమంది రోగుల రక్తం గ్రూపులు తారుమారు చేసిన సంగతి చెప్పింది. ఒక నర్సు అనుమానం వచ్చి మళ్లీ పరీక్ష చేయించబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నా కూతురి వయసు పిల్ల. ఆమె ముందు తలెత్తి కూర్చోలేకపోయాను.

సోమవారం గనికి ఫోన్ చేశాను. గనిలోకి దిగే ముందు ప్రతి కార్మికుడూ లాంప్ రూములో తన నంబరు చెప్పి తల దీపం తీసుకుంటాడు, పైకి వచ్చాక తిరిగి ఇస్తాడు. ఎవరైనా లోపల మిగిలిపోతే తెలిసేది దాంతోనే. అందుకే ఆ రిజిస్టరులో తప్పు ఉండదు.

"ఇద్దరు ఓదేలులు ఒకే షిఫ్టుల దిగిన రోజులు ఏమన్న ఉన్నయా?" అని అడిగాను.

అవతల లాంప్ రూము మనిషి నవ్వాడు. "ఏమన్న ఏంది సార్, ఏండ్లకేండ్లు దిగిన్రు. ఒకల ఎనక ఒకలు నిలవడి దీపాలు తీస్కునేటోళ్లు. ఎందుకు?"

ఒకే షిఫ్టులో రెండు దీపాలు తీసుకునే మనిషి ఉండడు. అంతే. ఊరికి పోనక్కర్లేదు, బడి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆ రిజిస్టరు పేజీలు తెప్పించి, ఈ ఇద్దరూ వేర్వేరు కార్మికులు, వీళ్ల రికార్డులు కలిపింది నేను, తప్పు నాది అని రాసి సంతకం పెట్టాను. అధికారి నా మీద అరిచాడు, నాకు ఒక మెమో వచ్చింది. విచారణ ఆగిపోయింది. రికార్డు ఒక్క పూటలో సరి అయింది. రెండేళ్లు ఆగింది ఒక్క పూట పని కోసం.

ఆ సంగతి చెప్పడానికి రామకృష్ణాపూర్‌లో పెద్ద ఓదేలు ఇంటికి పోయాను. ఆయన మంచంలో కూర్చుని ఉన్నాడు. భార్య గడపలో నిలబడింది. రికార్డు సరి అయిందన్నాను. చేసింది నేనే అని కూడా చెప్పాను.

"పిలగానికి వయసు దాటిపోయింది గద పంతులూ," అన్నాడు ఆయన నెమ్మదిగా. "ఐదు నెలలయితంది. టిప్పర్ తోలుతండు, కాంట్రాక్టు మీద."

తప్పయింది, క్షమించు అన్నాను. ఆయన భార్య నా వైపు చూడకుండా లోపలికి పోయింది.

"నాకు జెప్తే ఏమొస్తది?" అన్నాడు పెద్ద ఓదేలు. "గా నేర్చుకునేటోళ్లకు జెప్పు. ఇంకొకడు గిట్ల జెయ్యకుండ."

ముందు వరుస

తర్వాత రెండో ఆదివారం స్పీకర్ నేనే. ఎవరి పేరూ చెప్పను, ఏ గని అన్నదీ చెప్పను, వచ్చి వింటావా అని ముందే పెద్ద ఓదేలును అడిగాను. కొడుకు టిప్పర్ డ్యూటీ దిగి, తండ్రిని బండి మీద తెచ్చి మెట్ల దాకా దింపిపోయాడు. పైకి మాత్రం రాలేదు. ఆయన మెట్టుకోసారి ఆగి, దగ్గి, పైకి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఎవరీ పెద్దమనిషి అని ఒకరిద్దరు నన్ను అడిగారు. నాకు తెలిసినాయన అన్నాను.

స్లైడ్లు పెట్టలేదు. క్వెరీ బోర్డు మీద రాశాను. నాలుగు కాలమ్‌లు కలిస్తే ఒకే మనిషి అని ఎట్లా నమ్మానో, జాబితా ఎందుకు దాచుకోలేదో, టేపుల కోసం కాగితం ఎందుకు పెట్టలేదో, సిస్టమ్ ఎర్రర్ అని ఎందుకు రాశానో అన్నీ చెప్పాను. సమోసా కూడా వదలలేదు. మధ్యలో బ్లాస్టింగ్ అయింది, కిటికీ అద్దాలు గలగలలాడాయి. ఈసారి ఎవరూ కదల్లేదు.

ప్రశ్నలుంటే అడగండి అన్నాను. జైపూర్ నుంచి వచ్చినాయన బ్యాకప్ గురించి అడిగాడు, రజిత జాబితా గురించి అడిగింది. తర్వాత పెద్ద ఓదేలు చెయ్యి ఎత్తాడు. గదిలోవాళ్లంతా ఆయన వైపు తిరిగారు.

"నాకు మీ చదువు తెల్వది," అన్నాడు. "మేం దుంగ నిలవెట్టే ముందు కట్టెతోటి కప్పును కొట్టి సూస్తం. గట్టిగ మోగితె కిందికి పోతం, బోలుగ మోగితె పోము. ఎంత జల్ది ఉన్నా కొట్టకుండ కాలు వెట్టం. మా పేనాలు గద." కాసేపు దగ్గి, మళ్లీ అందుకున్నాడు. "గా నంబరు తీసెయ్యంగ ఒక్క ఫోన్ గొట్టి లాంప్ రూముల అడగకపోతివా పంతులూ? గాళ్లు చెప్తుండిరి గద."

ఆయన జవాబు కోసం నన్నే చూస్తున్నాడు. కోపంగా కూడా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

క్వెరీ నడిపిన ఆ సోమవారం ఫోను నా కుడిచేతి పక్కనే ఉంది. లాంప్ రూముది మూడంకెల నంబరు. ఇప్పటికీ నాకు నోటికొచ్చు.